సామాన్యుల సీటు

ఫిబ్రవరి 8

ఫోన్ మోగినప్పుడు నేను బొగ్గుబాయిలో ఉన్నాను. ఫోనేమో పైన లాకర్లో. షిఫ్టు ముగించుకుని, తలదీపం అప్పగించి, మొహం కడుక్కుని చూస్తే ఊర్ధ్వ కంపెనీ నుంచి వరసగా మిస్డ్ కాల్స్. అక్కడే గోడకానుకుని తిరిగి చేశాను. అవతలి మనిషి పేరు జయప్రకాశ్. "అభినందనలు జ్యోత్స్న గారూ" అన్నాడు. ఆ తర్వాత చెప్పింది సగం చెవికెక్కలేదు.

సామాన్యుల సీటు నాకొచ్చింది.

రాకెట్లో నూరు కిలోమీటర్ల పైకి వెళ్లడం, కాసేపు బరువు లేకుండా తేలడం, పారాచూట్లతో సముద్రంలో దిగడం. కొత్తగూడెం నుంచి పాల్వంచకు ఆటోలో వెళ్లినంత సేపు కూడా పట్టదు. ఆరు సీట్లలో అయిదు కోటీశ్వరులవి. ఆరోది నాది, ఒక స్కూటర్ ధరకు. రేపు అందరూ ఎక్కగలిగే ధరకు తెస్తామన్నది కంపెనీ మాట. ఆ మాటకు సాక్ష్యంగా ఒక మామూలు మనిషి కావాలి. గనిలో గాలి సరిగ్గా ఆడుతోందో లేదో చూసే ఇంజనీరు, పైగా ఆడది, పైగా బాయి కార్మికుడి కూతురు. వాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? పోస్టరు కూడా అప్పుడే తయారట: "బొగ్గుబాయి నుంచి చుక్కల దాకా."

మా ఆయన ఉదయ్ షాపులో ఎరువుల బస్తాలు దింపిస్తున్నాడు. "ఎవరైనా ఆట పట్టిస్తున్నారేమో చూడు" అన్నాడు ఫోన్లో. సాయంత్రం మాత్రం జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చాడు.

ఫిబ్రవరి 9

ఇవాళ కూడా నమ్మకం కుదరలేదు.

ఫిబ్రవరి 16

అత్తయ్య బోనకల్ నుంచి రైల్లో దిగింది. దిగీ దిగగానే కాలనీ అంతా చాటింపు. పక్క క్వార్టర్ ఆమెతో గేటు దగ్గర నిలబడి, "మా కోడలు ఎండాకాలంలో పైకి పోతందండీ" అంది. ఆమె గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో పద్మావతమ్మా, ఏమైంది? దవాఖానాల చూపిచ్చిన్రా?"

లోపల్నుంచి విని ఉదయ్ నవ్వి నవ్వి దగ్గాడు. అత్తయ్య నాలుక కరుచుకుంది. "పైకంటే ఆ పైకి కాదమ్మా. రాకెట్లో. మళ్లీ వస్తది." ఆ "మళ్లీ వస్తది" మాత్రం నా వైపు చూస్తూ అంది. పర్ణశాల రాముడికి మొక్కుకుందట. ఏం మొక్కుకుందో చెప్పదు.

ఫిబ్రవరి 23

ఇల్లందు వెళ్లాను. నాయినకు ఫోన్లోనే చెప్పాను కానీ మొహం చూసి చెప్పాలనిపించింది. అరుగు మీద కూర్చుని పోస్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు. తన పేరు వెతికి, రాందాస్ బిడ్డ అని ఎక్కడా రాయలేదేమని అడిగాడు. 

"నేను బాయిల దిగింది బువ్వకోసం. నువ్వెందుకు ఎక్కుతున్నవ్ బిడ్డా?"

"చూడటానికి నాయినా."

"ఏం జూస్తవ్?"

"భూమిని. పైనుంచి."

"అంతేనా?"

"అంతే. తప్పా?"

"తప్పని అన్ననా? నేనెన్నడన్న ఊకెనే యాడికన్న పోయిన్నా? డ్యూటీకి పోయిన, పెండ్లికి పోయిన, సావుకు పోయిన. తిరుపతికి పోయినా మొక్కు తీర్సనీకే పోయిన. అందుకే అడిగిన."

బస్సెక్కేటప్పుడు, "పోయి రా. మంచిగ సూసి రా" అన్నాడు. నేను కిటికీ సీట్లో కూర్చుని దారంతా ఆ మాటే నమిలాను. విమానం కూడా ఒకప్పుడు దొరల బండే. ఇప్పుడు దుబాయి పోయే కూలీలతో నిండి ఉంటుంది. కానీ వాళ్లు కూడా పనికే పోతున్నారు. ఊరికే చూడ్డానికి పోవడం అనేది మాలాంటి ఇళ్లలో ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు. నాతో మొదలైతే మంచిదే కదా.

మార్చి 10, హైదరాబాద్

శిక్షణ మొదలైంది. నాకేమన్నా అయితే నా బదులు ఎక్కడానికి ఒకమ్మాయిని తీసుకున్నారు. పేరు జమ్లి. ఇల్లందు పక్క తండా పిల్ల, చర్ల దగ్గర ఏఎన్ఎంగా చేస్తోంది. చేతిలో టీకాల డబ్బా లేకపోతే చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు ఊపుతూ నడుస్తుంది. మా ఇద్దరికీ ఒకే గది.

"అక్కా, ఒక మాట జెప్త, ఏమనుకోవద్దు. నీకు జరం రావాల్నని మొక్కుకుంటున్న. పెద్ద జరం కాదు. సీటు పోయేంత."

"వస్తే మందు నువ్వే ఇవ్వాలి."

"ఇస్త. రాకెట్టు దిగినంక."

ఆ పిల్ల నవ్వుతుంటే కోపం తెచ్చుకోవడం కష్టం.

మార్చి 12

క్యాబిన్ నమూనాలో కూర్చోబెట్టారు. చక్కగా ఉంది. కిటికీ నా తలంత పెద్దది. అప్పుడు చూశాను, గాలి గొట్టం తగిలించుకునే చోటు ఏ సీటుకూ లేదు. క్యాబిన్లో గాలి పోయినా ప్రాణం నిలిపే ప్రెజర్ సూట్లు ఎప్పుడిస్తారని అడిగాను.

జయప్రకాశ్ ఓపిగ్గానే చెప్పాడు. సూట్లు ఇవ్వరు. సూటు బరువు, దాని గొట్టాల బరువు, సిలిండర్ల బరువు కలిపితే ఆరు సీట్లు నాలుగవుతాయి. నాలుగైతే ధర పెరుగుతుంది. ధర పెరిగితే సామాన్యుల సీటన్నదే ఉండదు. తలుపుకు రెండు వరసల సీలు ఉంది. ఎక్కడన్నా కాస్త గాలి పోయినా భర్తీ చేయడానికి వేరే ట్యాంకు ఉంది. "విమానంలో మీకు సూటు ఇస్తున్నారా మేడమ్?" అన్నాడు చివర్లో.

ప్రశ్న అడిగాను. జవాబు వచ్చింది. సరిపోయింది.

మార్చి 14

చాంబర్ పరీక్ష. మూసిన గదిలో కూర్చోబెట్టి గాలి తగ్గిస్తూ పోతారు. దాని గురించి రాయను.

మార్చి 15

జమ్లి పొద్దున్నే టీ తెచ్చి ఇచ్చి, "చెవి నొప్పి తగ్గిందా?" అంది. తగ్గిందన్నాను.

మార్చి 27, కొత్తగూడెం

మళ్లీ డ్యూటీ. ఇవాళ బాయిలో దిగేముందు అలవాటుగా నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా కట్టుకున్నాను. లోపల పొగ కమ్మితే నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటూ బయటికి నడవడానికి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని మూత తీయలేదు. నాకు తెలిసిన ఎవరూ తీయలేదు. అయినా అది లేకుండా ఎవర్నీ దిగనివ్వను. పోయిన నెల ఒక సీనియర్ మనిషి మరిచి వస్తే వెనక్కి పంపి అతని తిట్లు తిన్నాను.

విమానం గాలి పోతే కిందికి దిగుతుంది. రాకెట్టు దిగలేదు. ఎక్కడం మొదలెట్టాక ఎక్కాల్సిందే. అంత ఎత్తున సీలు ఊడితే, ఒక శ్లోకం చదివేలోపు స్పృహ పోతుంది. ఇది జయప్రకాశ్‌కి తెలుసు. నాకూ తెలుసు.

ఇది భయం కాదు. ఇంజనీరింగు.

మార్చి 30

సీలు ఊడదు. ఎన్నో పరీక్షలు చేశారు. మొదట ఎక్కేవాళ్లు ఎప్పుడూ కొంచెం ఎక్కువ ప్రమాదం మోస్తారు. రైలైనా అంతే, విమానమైనా అంతే. వాళ్లు మోయబట్టే తర్వాతి వాళ్లకు చౌకయింది. ఎవరో ఒకరు మొదట ఎక్కాలి కదా.

వెళ్తాను.

ఏప్రిల్ 3

ఉదయ్‌తో చెప్పాను, మానుకుందామనుకుంటున్నానని. అతను వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్నాడు. కత్తి ఆపి, "హమ్మయ్య" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ మాట కడుపులో పెట్టుకుని జిలేబీలు తెచ్చాడా ఈ మనిషి?

"ఏదో ఒక సాకు చెప్పేయ్. ఆరోగ్యం బాగోలేదని. ఎవరూ ఏమనరు."

నిజమే. చాలా సులువు. జ్వరమని ఒక్క ఫోన్ కొడితే చాలు.

అప్పుడు జమ్లి ఎక్కుతుంది.

ఏప్రిల్ 5

జమ్లికి ఫోన్ చేసి సూట్ల సంగతి మొత్తం చెప్పాను. విన్నది. "అక్కా, నేను వానాకాలం వాగుల మెడలోతు నీళ్లల్ల టీకాల డబ్బా నెత్తిన పెట్టుకొని దాటుత. దానికేం సూటు ఇచ్చిన్రు నాకు?" అంది. అయినా ఎక్కుతావా అని అడిగితే, ఎక్కుతనంది.

ఏప్రిల్ 11, హైదరాబాద్

అనాల్సింది అనేశాను.

ప్రయాణికులతో సంతకాలు పెట్టించుకునే సమావేశం. అనుమతులిచ్చే అధికారులు కూడా వచ్చారు. అయిదుగురూ పెట్టారు, ఒకాయన కాఫీ తాగుతూనే పెట్టాడు. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. సూటు లేకుండా నేను ఎక్కనన్నాను. అక్కడితో ఆపి ఉండొచ్చు. ఆపలేదు. నా బదులు ఇంకొకర్ని కూడా ఎక్కించొద్దన్నాను. ఎందుకో చెప్పాను. సీలు, ఎత్తు, ఊపిరి అన్నీ.  చివరిదాకా చెప్పాను.

మధ్యాహ్నం తర్వాత అధికారులు నిర్ణయం చెప్పారు. పూర్తి ధర కట్టినవాళ్లు తెలిసి తెలిసి ఒప్పుకుంటే ఎక్కవచ్చట. సామాన్యుల సీటు మాత్రం రద్దు. ప్రచారం కోసం ఎంపికచేసిన మనిషి పెట్టే సంతకం పూర్తి ఇష్టంతో పెట్టినట్టు లెక్క కాదట. అంత పెద్ద అవకాశం ఎదురుగా పెట్టి ఒప్పుకుంటావా అని అడిగితే ఎవరు కాదంటారని.

జయప్రకాశ్ నన్ను తిట్టలేదు. లిఫ్టు దగ్గర నిలబడి, "నేను ఈ కంపెనీలో చేరిందే ఆ ఒక్క సీటు కోసం మేడమ్. అది ఉండాలని డబ్బులు పెట్టినవాళ్లతో రోజూ కొట్లాడేవాణ్ణి" అన్నాడు. లిఫ్టు వచ్చింది. ఇద్దరం ఎక్కలేదు. అతను మెట్ల మీదుగా వెళ్లాడు.

ఏప్రిల్ 12

జమ్లి ఫోన్.

"నీకు భయమైతే నువ్వు ఊకో అక్కా. నా సీటెందుకు తీసినవ్?"

"నీ ప్రాణం కోసమే జమ్లీ."

"నా పాణం నీ చేతికి ఎవరిచ్చిన్రు?"

నేనేదో అనబోయాను.

"పైసలున్నోళ్ల సంతకం సంతకం. మాది కాదా? గంత సోయి లేదా మాకు?"

పెట్టేసింది.

ఏప్రిల్ 13

జమ్లి కోసమే మాట్లాడాను.

ఏప్రిల్ 14

జమ్లి కోసమే.

ఏప్రిల్ 20

ఇల్లందు వెళ్లాను. నాయిన క్లబ్బులో అందరికీ చెప్పుకున్నాడట, బిడ్డ చుక్కల్లోకి పోతోందని. ఇప్పుడు క్లబ్బు మానేశాడు.

"మేం బాయిల ఏ డబ్బా లేకుండనే దిగినం. గప్పుడు గవన్ని యాడున్నయ్? దినాం దిగినం, దినాం ఎక్కినం. ఏమన్న అయిందా?"

"నీతో చేరినవాళ్లలో ఎంతమంది ఉన్నారు నాయినా ఇప్పుడు?"

అనకూడని మాట. అనేశాక తెలిసింది. నాయిన లేచి, చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లి మొక్కలకు నీళ్లు పోశాడు. అన్ని మొక్కలకూ పోశాడు. అయిపోయాక మళ్లీ మొదటి మొక్కకు పోశాడు.

మే 19

ఇవాళ వాళ్లు ఎగిరారు. అయిదుగురే. ఆరో సీటు ఖాళీగా పంపారు.

ఉదయ్, అత్తయ్య, నేను టీవీ ముందు కూర్చున్నాం. రాకెట్టు సముద్రం మీదుగా తెల్లగా గీత గీసుకుంటూ వెళ్లింది. క్యాబిన్ లోపల చూపించారు. మామూలు బట్టల్లో తేలుతున్నారు. కాఫీ ఆయన పల్టీ కొట్టాడు. ఒకావిడ కిటికీకి మొహం ఆనించి కదలనే లేదు. తర్వాత పారాచూట్లు, సముద్రం, పడవలు. అందరూ క్షేమం. చిన్న గీత కూడా పడలేదు.

అత్తయ్య చేతులు జోడించింది. ఉదయ్ నా వైపు చూడకుండా ఛానల్ మార్చాడు.

ఒక మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. వాళ్లు పైకి వెళ్తున్నంతసేపూ నేను ఎదురుచూశాను. దేనికోసమో నాకు తెలుసు. ఏమీ కాకుండా వాళ్లు దిగినప్పుడు, సంతోషానికి ముందు ఇంకోటి వచ్చింది. రెప్పపాటే. కానీ వచ్చింది.

సాయంత్రం జమ్లి మెసేజ్: "చూసినవా అక్కా. ఏం కాలే."

జూన్ 22

రాయడానికేం లేదు. బాయి, ఇల్లు. కాలనీలో ఎవరూ అడగడం లేదు. అడక్కపోవడం ఇంకా కష్టంగా ఉంది.

జులై 29

గోదావరి వరద తగ్గుముఖం పట్టింది. గని రెస్క్యూ వాళ్లు భద్రాచలం అవతలి ఊళ్లకు మందులూ దుప్పట్లూ తీసుకెళ్తుంటే నేనూ వస్తానన్నాను. చర్ల దారిలో అని తెలిసే అన్నాను.

బడిలో శిబిరం. జమ్లి మోకాళ్ల దాకా బురదతో, చీర కుచ్చిళ్లు దోపుకుని పిల్లలకు ఓఆర్ఎస్ తాగిస్తోంది. నన్ను చూసి పలకరించలేదు. బకెట్టు నా ముందు పెట్టి, "కాచి చల్లార్చిన నీళ్లు. ప్యాకెట్లు గా సంచిల ఉన్నయ్. కలుపు" అంది. కలిపాను. పొద్దంతా కలిపాను. ఆమె కోయ భాషలో తల్లులను గదమాయిస్తుంటే వాళ్లు నవ్వుతున్నారు. మధ్యాహ్నం అందరితో పాటు వరసలో కూర్చుని అన్నం తిన్నాం. అప్పుడు చెప్పాను.

"చాంబర్‌లో నాకు చెవి నొప్పి రాలేదు జమ్లీ. భయమేసింది. ఊపిరి ఆడనట్టయింది. బెల్లు కొట్టి తలుపు తీయించుకున్నాను."

"నాకు తెల్సు" అంది అన్నం కలుపుతూ.

"తెలుసా?"

"అద్దంల నుంచి చూసిన. నర్సును అక్కా నేను. చెవి నొప్పికీ భయానికీ తేడా తెల్వదా?"

"మరి వాళ్లకెందుకు చెప్పలేదు? చెప్తే సీటు నీదే కదా."

"నాదే. కని గట్ల వచ్చింది నాకొద్దనిపిచ్చింది."

 ఆమె నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

"నేను అక్కడ మాట్లాడింది నా భయంతోనా, నీ కోసమా, నాకే తెలియడం లేదు."

"రెండూ కావచ్చు. నాకెందుకది?" అంది. తర్వాత కొంచెం మెత్తగా, "నేను తిరగని దారి లేదు అక్కా. పడవ ఎక్కిన, బండెక్కిన, నడిచిన. యాడికి పోయినా ఎవరికో జరమనో, కాన్పనో, పాము కుట్టిందనో పోయిన. ఒక్కసారి ఎవ్వరికేం కాకుండనే పోవాల్నని ఉండె. నువ్వు నన్ను అడగలే. గదే నా కోపం. సూటు లేదని అడ్డంపడ్డవ్, మంచిదే. నాతోని కలిసి అడ్డంపడుంటే ఇంకా మంచిగుండు."

ఇది నాకు తట్టనే లేదు. ఆ రోజు ఫోన్లో సూట్ల సంగతి చెప్పాను. ఎక్కుతావా అని అడిగాను. నాతో వచ్చి అడుగుతావా అని మాత్రం అడగలేదు.

అక్టోబర్ 17

ఊర్ధ్వ కొత్త ప్రకటన. ఇకపై అందరికీ సూట్లు. నాలుగే సీట్లు. నా మాట విని కాదు. బీమా కంపెనీ సూట్లు లేకుంటే కుదరదందట. అంతే, అయిపోయింది. అయితే ఆ నాలుగింటిలో ఒకటి సామాన్యుల సీటుగా ఉంచారు. దానికోసం ఎవరు ఎవరితో ఎంత కొట్లాడారో నాకు తెలియదు. ఊహించగలను. జయప్రకాశ్‌కి "థాంక్స్" అని మెసేజ్ పెట్టాను. చూశాడు. జవాబివ్వలేదు.

నేను దరఖాస్తు పెట్టలేదు.

అక్టోబర్ 25

పెట్టాను. వాళ్ల నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నవంబర్ 21

జమ్లికి వచ్చింది!

ఫోన్లో కేకలు. వెనకాల ఎవరి పిల్లో ఏడుస్తోంది, టీకా వేస్తూనే ఫోన్ ఎత్తినట్టుంది. నాకు సంతోషంగా ఉంది. ఈసారి సంతోషమే ముందు వచ్చింది. రెండోది కూడా వచ్చింది కానీ వెనకాల వచ్చింది.

డిసెంబర్ 6

ఆదివారం ఇంటికొచ్చింది. సూటు పుస్తకం తెచ్చింది, నాతో చదివించుకోవడానికి. బల్ల మీద పరిచి ప్రతి గొట్టం ఎక్కడినుంచి ఎక్కడికో చూశాం. నాకు అనుమానం వచ్చినవి ఆమె తన చేత్తో రాసుకుంది. "నేనే అడుగుత" అంది. ఉదయ్ బజ్జీలు వేశాడు. అత్తయ్య ఆమెకు పర్ణశాల కుంకుమ పెట్టి, "నువ్వు కూడా మళ్లీ రావాలి" అంది.

జనవరి 18

పొద్దున ఎగిరారు. నాయిన ఇల్లందు నుంచి వచ్చి మాతో కూర్చున్నాడు. నేను పిలవలేదు. "గా పిల్ల మనూరి పిల్లనే గదా" అన్నాడు. లోపల్నుంచి చూపించినప్పుడు నాలుగు తెల్లటి హెల్మెట్లే. జమ్లి ఎవరో తెలియలేదు. కిటికీ వైపు తిరిగి ఉన్నదే అయ్యుంటుంది.

ఏమీ కాలేదు. సూటు అవసరం పడలేదు.

మధ్యాహ్నం ఓడ మీద నుంచి ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏం చూశావ్?" అన్నాను.

"సగం ఏం కనపడలే అక్కా."

"ఏమైంది? మబ్బులా?"

"మబ్బు కాదు. మోటరు బందయినంక ఒక్కసారి తేలిన. కిటికీల చూస్తే... ఏడుపొచ్చింది. అక్కడ కన్నీళ్లు కిందికి జారయంట. ఎవ్వరు చెప్పలే నాకు. కండ్లల్లనే నిలబడ్డయ్, చెరువు నిండినట్టు. తుడుసుకుందామంటే చెయ్యి పోదు, ముందల హెల్మెట్ అద్దం. తల ఇట్లూపిన, అట్లూపిన. పోవు. అంత దూరం పోయి భూమిని మసకమసకగ చూసిన." కాస్త ఆగింది. "అంతా నీవల్లనే."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అందులో తిట్టెంతో, ఇంకేదో ఎంతో నేను అడగలేదు. నాయిన పక్కన కూర్చుని, ఏమంటోంది ఏమంటోంది అని మోచేత్తో పొడుస్తున్నాడు.

స్పీకర్ పెట్టి, "మొదట్నుంచి చెప్పు జమ్లీ" అన్నాను. చెప్పింది.